ప్లేటు వెనక దిక్కు

రజాకార్లు పోయారు. మిలిటరీ వచ్చింది. ఆ మిలిటరీ జీపు లేపిన దుమ్ము అణగకముందే రాళ్లకుంటపల్లె దొర జగపతిరావు కూడా పట్నం నుంచి కోటలాంటి తన గడికి తిరిగొచ్చాడు. ఏడాదిన్నర కిందట సంఘం జెండా చూసి పారిపోయినప్పుడు ఆయన వదిలేసిన సామానును ఊరు తలా ఇంత పంచుకుంది. ఇప్పుడు గడి పనివాడు పోశాలు చేత టముకు వేయించి, ప్రతి వస్తువునూ వెనక్కి రప్పిస్తున్నాడు. గ్రామఫోన్ ప్లేట్లు నలభై మూడు రావాలి. నలభై రెండే వచ్చాయి.

నలభై మూడోది, గడిలో ప్లేట్లు తుడిచే ముత్తమ్మ గుడిసెలో ఉంది. పద్నాలుగేళ్ల కిందట జగపతిరావు తల్లి ముసలి దొరసాని సరదాపడి, ముత్తమ్మ తల్లి లచ్చవ్వను సికింద్రాబాద్ తీసుకుపోయి, మద్రాసు నుంచి వచ్చిన కంపెనీవాళ్ల ముందు నాటు పాట పాడించిన ప్లేటు అది. గడి పేరు అచ్చయిన ప్లేటని దొరసాని దాన్ని పగలనిచ్చేది కాదు. ఒకవైపే పాట. రెండోవైపు తయారీలోనే చెడిపోయిందని గడిలో చెప్పేవారు. అటువైపు గీత అన్నది లేకుండా నున్నగా, నల్లగా ఉండేది. పోయిన వారం తండా నుంచి వచ్చిన తుల్సీబాయి, లక్కతో చేసిన ఆ ప్లేటును వెనకవైపు గోటితో గీకి, వాసన చూసి, "ఇది లక్క కాదక్కా, మైనం" అన్నది. భూపాలపల్లి అడవిలో మోదుగు కొమ్మల మీది లక్క గీకి, తేనెపట్లు పిండి బతికిన మనిషి. రెండింటి తేడా ఆమెకు వేళ్లతోనే తెలుస్తుంది. ఇద్దరూ కూర్చుని కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో మెల్లమెల్లగా తుడిస్తే, మసి కలిపిన మైనం కరిగి అడుగున గీతలు బయటపడ్డాయి.

ఎవరో ఆ వైపును కావాలనే పూడ్చిపెట్టారు. అందులో ఏముందో వినాలంటే గ్రామఫోన్ బాజా కావాలి. చుట్టుపక్కల బాజా ఒక్కటే, అది గడిలో ఉంది.

అందుకే ప్లేట్లు తుడవడానికి రమ్మని దొర కబురు పంపిన పొద్దున ముత్తమ్మ ఒప్పుకుంది. ప్లేటును పాత చీరముక్కలో చుట్టి, చంకన పెట్టుకుని బయల్దేరింది.

* * *

గడి వాకిలి అంగడిలా ఉంది. గంగాళాలు, కుర్చీలు, కాళ్లు విరిగిన పట్టెమంచం, ఎవరింట్లోనో పొయ్యి పక్కన నిలబడి మసిబారిన నిలువుటద్దం. తెచ్చినవాళ్లను పొమ్మనలేదు, కూర్చొమ్మనలేదు. ఆడవాళ్లు గోడ వారగా నిలబడి చూస్తున్నారు. వాళ్లలో తుల్సీబాయి కూడా ఉంది. ముత్తమ్మ చంకలోని మూటను చూసి చిన్నగా తలూపింది.

గడిలో బాజా అర్ర అని పిలిచే గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. షాబాదు బండలు పరిచిన పెద్ద గది. నడుమ టేకు బల్ల మీద ఇత్తడి బూర పెట్టిన బాజా. దాని ముందు చాప మీద ప్లేట్లన్నీ రొట్టెల్లాగా ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. ప్లేట్లను పడుకోబెట్టకూడదు. పుస్తకాల్లా నిలబెట్టాలి. పడుకోబెడితే పైదాని బరువు కిందిదాన్ని వంచుతుంది, నడుమ ఇరుక్కున్న ఇసుక రెండింటినీ కోస్తుంది. ఈ ముక్క ఈ గడిలో తనకూ తన తల్లికీ తప్ప ఎవరికీ ఎన్నడూ ఎక్కలేదు.

జగపతిరావు ఒక ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. అది ప్లేటులా లేదు. అంచులు పైకి లేచి గిన్నె అయింది.

"ఏందిరా ఇది?"

పోశాలు చేతులు కట్టుకున్నాడు. "కింది వాడ సుక్కి ఇంట్లది దొరా. ఉడికే గంజి కుండ మీద మూత పెట్టిందట. ఆవిరికి మెత్తవడి గిట్లయింది. పారేసుడు ఎందుకని కోళ్లకు నీళ్లు పోస్తున్నది. కోళ్లు మంచిగనే తాగుతున్నయట."

గోడ వారనున్న సుక్కి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్నవాళ్ల భుజాలు కదిలాయి.

"నోర్ముయ్!" దొర గిన్నెను విసిరికొట్టాడు. అది గోడకు తగిలి మూడు ముక్కలైంది. "ముత్తీ! సూసినవా మీ ఊరోళ్ల తెలివి? పొద్దు నెత్తికొచ్చే యాళ్లకు కప్తాన్ సాబు దావత్‌కు వస్తడు. పాటలంటే పానమిస్తడట. పది ప్లేట్లన్న గరగర లేకుండ పాడాలె. కూసో. షురూ చెయ్యి."

ముత్తమ్మ కూర్చోలేదు. ఇదే గదిలో ఇదే మాటకు పన్నెండేళ్లు ఆమె 'బాంచెన్ దొరా' అని నేల మీద వాలింది. ఇవాళ నడుము వంగలేదు. వంగకపోవడం తనకే కొత్తగా ఉంది.

"కూలి ఏందో తెల్సినంక కూసుంట."

వాకిట్లో ఆడవాళ్లు గడప వైపు మెడలు చాచారు.

"ఏందీ?"

"కూలి, దొరా. వెట్టి వొడిసిపోయింది."

జగపతిరావు నవ్వాడు. "ఎవడు చెప్పిండు? మీ సంఘపోళ్లా? వాళ్లు అడివిల గడ్డలు తవ్వుకోని తింటున్నరు."

"గడ్డలు తిన్నా ఎవని కాళ్లు మొక్కి తింటలేరు."

ఆ మాట ఆయన చెంప మీద తగిలినట్టే కనిపించింది. కానీ జీపు వచ్చే వేళవుతోంది. చెయ్యి ఎత్తబోయి బల్ల మీద ఆనించాడు.

"నువ్వు లేకపోతె నా ప్లేట్లు పాడవనుకున్నవా? పట్నంల అద్దాలు, నగలు, అన్నీ దీంతోనే తుడుస్తరు. పోశాలూ, కప్తాన్ సాబు ఇచ్చిన దవాఖాన స్పిరిట్ సీస తే."

పోశాలు అల్మారా దగ్గరికి వెళ్లాడు. ఎప్పటిలాగే గదికి అడ్డంగా నడవకుండా, గోడ పక్క పక్కనే చుట్టు తిరిగి వెళ్లాడు. పోశాలు మామకు బాజా అంటే భయమని ముత్తమ్మ చిన్నప్పుడు అనుకునేది. పాటల పెట్టెలో దయ్యం ఉందని నమ్మేవాళ్లు అప్పట్లో చాలామందే ఉండేవారు.

దొర చాప మీద నుంచి ఏరి ఏరి ఒక ప్లేటు తీశాడు. పెండ్లినాడు మామగారు బహుమానంగా ఇచ్చిన గజల్ ప్లేటు. దావత్‌లో మొదట అదే మోగాలి.

"దొరా," అన్నది ముత్తమ్మ. "గా ప్లేటు లక్కతోని చేసింది. లక్కకు నీళ్లు పడ్తయి, నూనె పడ్తది. సారా పడది, స్పిరిట్ అసలే పడది."

"నీ గిరాకి పోతదని భయమా?"

"ఒక్కసారి చెప్పిన. మల్ల చెప్ప."

దొర సీసా వంచాడు. ఘాటు వాసన గదంతా నిండింది. మఖ్మల్ గుడ్డతో గట్టిగా నాలుగు రుద్దులు రుద్దాడు. గుడ్డ నల్లగా మారింది. "సూడు, ఎంత మురికి పోతున్నదో!" అన్నాడు గర్వంగా. ఇంకో నాలుగు రుద్దులు. గుడ్డ ప్లేటుకు అతుక్కుంది. లాగితే జిగురు తీగలుగా సాగింది.

"గది మురికి కాదు దొరా," అన్నది ముత్తమ్మ. "గది పాట."

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దొర మొండిగా ప్లేటును బాజా మీద పెట్టి ముల్లు ఆనించాడు. బూరలోంచి మొదట రంపం కోసినట్టు చప్పుడు, తరువాత బురదలో బండి దిగబడ్డట్టు ఒక మూలుగు. ముల్లు జిగురులో కూరుకుపోయి పళ్లెం తిరగడం ఆగిపోయింది.

ఆయన ముల్లును జిగురులోంచి పీకాడు. ముత్తమ్మ ఆయననే చూసింది. పన్నెండేళ్లు తాను తుడిచిన ప్లేటు అది. ఆ పాట భాష తెలియకపోయినా దానిలో ఏ చోట గొంతు వణుకుతుందో ఆమెకు తెలుసు. బాధ కలిగింది. అయినా మొహంలో కనపడనివ్వలేదు.

"ఏం కావాలె నీకు?" అన్నాడు దొర చివరికి. "పైసలా? జొన్నలా?"

"రెండూ వద్దు." ముత్తమ్మ చంకలోని చీరముక్క విప్పింది. "మా అవ్వ ప్లేటు ఈ బాజా మీద పాడాలె. ఈడనే, తలుపులు తెరిసి, అందరు ఇంటుండంగ. గదే నా కూలి."

"దొంగ..." దొర గొంతు లేచింది. "నలభై మూడోది నీ కాడనే ఉంటదని నాకెరుక! గది గడి సొమ్ము."

"ప్లేటు నీదే. దాంట్ల గొంతు మాది. మా అవ్వ గొంతు ఊడదీసి నాకిచ్చి, నీ ప్లేటు నువ్వు తీస్కో."

గోడ వారనున్న ఆడవాళ్లు ఈసారి కొంగులు అడ్డం పెట్టుకోలేదు.

జగపతిరావు ఎండను చూశాడు. చాప మీది ప్లేట్లను చూశాడు. "సరే. పది ప్లేట్లు తుడు. పాడిస్త."

"రెండు దిక్కులా."

ఆయన మళ్లీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వు తేలిగ్గా వచ్చింది. "పిచ్చిదానా, వెనక దిక్కు పాటే లేదు గద."

"లేకపోతె నీకేం పాయె దొరా? ఉత్త గరగరే ఇంటం."

* * *

ముత్తమ్మ కాళ్లు చాపి కూర్చుంది, తన ఇంట్లో కూర్చున్నట్టు. కుంకుడుకాయ నానేసిన నీళ్లు తెప్పించి, గిలకొట్టి పై నురుగు మాత్రమే వేరే గిన్నెలోకి తీసింది. నడుమ కాగితం మీద ఎడమ అరచెయ్యి మూతలా పెట్టింది, తడి తగిలితే కాగితం ఊడిపోతుంది. చేర్యాల బొమ్మలు వేసేవాళ్ల దగ్గర తల్లి అడిగి తెచ్చుకున్న ఉడుత వెంట్రుకల కుంచె ఇంకా ఆమె దగ్గరే ఉంది. దాన్ని నురుగులో ముంచి గీతల వెంట గుండ్రంగా తిప్పింది. అడ్డంగా ఒక్కసారి కూడా పోనివ్వలేదు. గీత ఎటు పోతే చెయ్యి అటు పోవాలి. తరువాత కాచి చల్లార్చిన నీళ్ల ధార, ఆ పైన ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ. ఆరడానికి నీడలో, గోడకు నిలువుగా. ఎండలో పెడితే మధ్యాహ్నానికి సుక్కి ఇంటి గిన్నె అవుతుంది.

"రెండు దిక్కులా తుడువాలె బిడ్డా," అనేది లచ్చవ్వ. ఏ ప్లేటు తుడిచినా అనేది. తన పాట ప్లేటు తుడిచేటప్పుడైతే, పాటే లేని ఆ నున్నని వెనకవైపును ముందువైపు కంటే ఎక్కువసేపు తుడిచేది. "దాంట్ల ఏమున్నదే అవ్వా?" అని పద్నాలుగేళ్ల ముత్తమ్మ అడిగితే, "ఉండనీ, తుడు," అనేది. అప్పటికి జగపతిరావు తండ్రి పెద్దదొర బతికే ఉన్నాడు, జగపతిరావును చిన్నదొర అనేవారు. ఆ ఏడు ఎండాకాలంలోనే ముత్తమ్మ తండ్రి ఓదెలు కనిపించకుండా పోయాడు. మానుకోట స్టేషన్‌లో బొంబాయి రైలెక్కుతుంటే చూసినవాళ్లున్నారని గడిలో చెప్పారు. పెండ్లాన్నీ బిడ్డనూ విడిచి మిల్లుపనికి పోయాడని ఊరు తిట్టుకుంది. ముత్తమ్మ కూడా తిట్టుకుంది. లచ్చవ్వ మాత్రం ఒక్క మాట అనలేదు. వానలు పడ్డాక సికింద్రాబాద్ పోయి పాట పాడి వచ్చింది, చలికాలం జ్వరంతో పోయింది.

పదో ప్లేటు గోడకు ఆనించి ముత్తమ్మ లేచింది.

"మొదలు నా కూలి."

తల్లి ప్లేటు కాగితం మీద 'నాటు పాట' అని ఉంది, గడి పేరు ఉంది. లచ్చవ్వ పేరు లేదు. ముత్తమ్మ బాజాలోని ఉక్కు ముల్లు ఊడదీసింది. కొంగు ముడిలోంచి, చెక్కి సన్నం చేసి పెట్టుకున్న నాగజెముడు ముల్లు తీసి బిగించింది. ప్రపంచ లడాయి రోజుల్లో ఉక్కు ముళ్లు దొరకనప్పుడు నేర్చుకున్న పని. ఉక్కు లక్కను గీరుతుంది. చెట్టు ముల్లు తాను అరుగుతుంది గానీ గీతను నొప్పించదు, గరగర సగానికి సగం తగ్గుతుంది.

బాజాకు కీ ఇచ్చి ముల్లు ఆనించింది.

దూరాన వాన పడుతున్నట్టు కొద్దిపాటి చప్పుడు. దాని వెనకనుంచి లచ్చవ్వ లేచి వచ్చింది.

"ఒంగితే మడి నిండె ఓ సెల్లెలా... లేస్తే పొద్దు గుంకె ఓ సెల్లెలా..."

గోడ వారనున్నవాళ్లు ఒక్కొక్కరే గడప దాకా వచ్చారు. లచ్చవ్వతో కలిసి మళ్లలో దిగినవాళ్లు సగంమంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, 'ఓ సెల్లెలా' అన్న చోటల్లా బూరలోని గొంతుకు వాకిట్లోని గొంతులు తోడయ్యాయి. దొర వాచీ చూసుకుంటూ కుర్చీలో కాలు ఊపుతున్నాడు. పాట అయిపోయింది.

ముత్తమ్మ ముల్లు మార్చింది. ప్లేటు ఎత్తి, వెనక్కి తిప్పింది.

కిటికీలోంచి పడ్డ ఎండకు గీతలు ధగధగమన్నాయి.

జగపతిరావు కాలు ఊపడం ఆపాడు. "గదేంది? గది... గది ఎట్ల..." అంటూ లేచాడు. "మైనం ఏమైంది?"

అనేశాక ఆయనకు తెలిసింది తానేమన్నాడో.

"మైనమా?" అన్నది ముత్తమ్మ మెల్లగా. "పాట లేదన్నవు. మైనం ఉన్నదని నీకెట్ల ఎరుక దొరా?"

"ఆపు! పోశాలూ, గా ప్లేటు తియ్యి!"

పోశాలు కదల్లేదు. దొర బల్ల మీదికి చెయ్యి చాచాడు. ఆ మణికట్టును ముత్తమ్మ పట్టుకుంది. కుంకుడు నురుగు ఇంకా ఆరని చెయ్యి, అయినా జారలేదు. ఈ గడిలో పుట్టిన ఏ మగవాణ్నీ ఏ పనిమనిషీ అట్లా పట్టుకోలేదు.

"కూలి దొరా. సగం కూలే అయింది."

రెండో చేత్తో ముల్లు ఆనించింది.

గరగర. ఒక దగ్గు. అది లచ్చవ్వ దగ్గే. ఆ తరువాత వచ్చింది పాట కాదు, మాట.

"బిడ్డా ముత్తీ... ఈ పెట్టె కాడోళ్లకు మన మాట సమజ్ కాదు. దొరసాని చాయ తాగ పోయింది. పాట పాడమన్నరు, నేను మాట చెప్తున్న. నీకు నోటితోని చెప్తే నువ్వు ఊకోవు. నిన్ను గూడ బతుకనియ్యరు. గీ ప్లేటుల ఉంటె ఉంటది. ఎప్పుడన్న ఇంటవు..."

గడప దగ్గరివాళ్లు బూర వైపు చెవులు వంచారు.

"మీ నాయిన బొంబాయి పోలేదు బిడ్డా. మానుకోట టేసన్ల ఎవ్వలు సూడలే. వెట్టికి రానన్నడు, గంతే ఆయన చేసిన తప్పు. పెద్దదొర కొట్టమన్నడు, చిన్నదొర కొట్టిండు. ఓదెలు గడి దాటి రానేలేదు. బాజా పెట్టే అర్రల... అర్రల... అర్రల... అర్రల..."

ఎక్కడో ఒక గీతలో మైనం పలుకు మిగిలిపోయింది. ముల్లు దాన్ని దాటలేక వెనక్కి జారి, మళ్లీ వచ్చి, మళ్లీ జారుతోంది. అర్రల. అర్రల. అర్రల. చచ్చిపోయిన మనిషి ఆ ఒక్క మాటే అంటూ ఉంది.

మొహాలన్నీ నేల వైపు తిరిగాయి. పన్నెండేళ్లు ముత్తమ్మ ఊడ్చిన షాబాదు బండలు. తండ్రి పోయిన ఏడే కొత్తగా పరిచిన బండలు. ఎక్కడ అని ముత్తమ్మ ప్లేటును అడగాల్సిన పని లేకపోయింది. దొర కళ్లు అప్పటికే బల్లకు అవతల, కిటికీ కింది మూలకు వెళ్లి అక్కడే అతుక్కుపోయాయి.

ఆమె ఆయన మణికట్టు వదిలేసింది. ముల్లు పైకెత్తింది. దూరంగా తరిగొప్పుల దారి మీద జీపు హారన్ వినిపించింది.

"తుల్సీబాయీ," అన్నది ముత్తమ్మ. "గడ్డపార తే."

"ఎవ్వడన్న గడప దాటిండ్రా, కప్తాన్ సాబుకు చెప్పి కాల్పిస్త!" జగపతిరావు అరిచాడు. "పోశాలూ, తలుపులు మూయ్!"

పోశాలు కదిలాడు. కానీ గోడ పక్కనుంచి కాదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి గదికి అడ్డంగా నడిచాడు. కిటికీ కింది మూల దాకా వెళ్లి, అక్కడ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ముసలి అరచేతులు రెండూ బండ మీద ఆనించాడు.

"గడ్డపార ఎందుకు బిడ్డా," అన్నాడు ముత్తమ్మ వైపు చూడకుండా. "గీ బండలు పరిసిన చేతులు గివే. ఏది కదుల్తదో నాకెరుక."